పర్లాకిమిడి చుట్టూ పిల్లాపాపలతో నడక: ఏ నెలలో ఏ తోవ

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి అరగంట నడిస్తే ఊరు అయిపోయి పొలాలు వస్తాయి. ఒక పక్క ఆనుకుని పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంకో పక్క తూర్పు కనుమలు. మధ్యలో మహేంద్రతనయ ఏరు. పిల్లల్ని, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని నడవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. అయినా చాలామంది ఒకసారి వెళ్లి, మోకాలి లోతు బురదలోనో మిట్టమధ్యాహ్నపు ఎండలోనో చిక్కుకుని, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తరు. కారణం ఒక్కటే. మ్యాపులో తోవ పన్నెండు నెలలూ ఒకేలా కనిపిస్తుంది, నేల మీద మాత్రం నెలకో రకంగా ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లు అన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు చూసుకోవలసింది పొలంలో ఏముంది, గెడ్డలో, అంటే కొండవాగులో, నీళ్లెంత అన్నదే.

జూలై నుంచి అక్టోబరు దాకా దమ్ములు, నాట్లు, కలుపు. గట్లన్నీ మెత్తగా ఉంటాయి. ఆ నాలుగు నెలలూ చెరువు గట్లు, పల్లెల మధ్య సిమెంటు రోడ్లు తప్ప వేరే తోవ పెట్టుకోవద్దు. నవంబరులో కోతలు. తోవ ఆరుతుంది కానీ పొద్దున్నే మంచుకి గడ్డంతా తడిగా ఉంటుంది, వరి కోసేచోట పాములు కదులుతాయి. డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరిదాకా అసలైన కాలం. మార్చి వచ్చిందంటే ఎండ ముదురుతుంది. అప్పుడు పొద్దున 6కి బయల్దేరి 8:30కల్లా ఇంట్లో ఉండాలి. సాయంత్రం నడకలు ఆ రోజుల్లో కొండవార పెట్టుకోకూడదు, ఎందుకో కింద చెబుతాం.

గట్టు మీద నడవడం

ఊళ్లో పెరిగిన పిల్లలకి పొలం గట్టు కొత్త. రెండు జానల వెడల్పు ఉంటుంది, కొన్నిచోట్ల అంతకూడా ఉండదు. పక్కపక్కన నడవడం కుదరదు, ఒకరి వెనక ఒకరు వెళ్లాలి. ముందు ఒక పెద్దవాళ్లు కర్ర పట్టుకుని, వెనక ఇంకో పెద్దవాళ్లు, మధ్యలో పిల్లలు. చిన్న పిల్లల చెయ్యి పట్టుకుని పక్కనుంచి నడిపించబోతే ఇద్దరూ మళ్లోకి జారతారు. వెనకనుంచి భుజమ్మీద చెయ్యి వేసి నడిపించడమే మేలు.

గట్టు రంగు చూడండి. నున్నగా, ముదురు రంగులో మెరుస్తూ ఉంటే కొత్తగా మట్టి మెత్తిన గట్టు. దాని మీద అడుగు పడితే నీళ్లు ఆ గుంట గుండా పక్క మడిలోకి పోతాయి, రైతుకి మళ్లీ పారతో పని. గడ్డి మొలిచి, మధ్యలో తొక్కుడు గీత పడి ఉంటే అందరూ నడిచే గట్టు. ఈ వైపు రైతులు గట్ల మీద కంది పెడతారు. ఆ మొక్కల మధ్యనుంచి కాలు తీసి కాలు వెయ్యాలి, లేదా వేరే గట్టు చూసుకోవాలి.

పిల్లలకి, పట్నం నుంచి వచ్చిన చుట్టాలకి తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. డిసెంబరులో వరి కోసేసిన మడి ఖాళీగా కనిపిస్తుంది. పరిగెట్టాలనిపిస్తుంది. వంగి మోళ్ల మధ్య చూస్తే రెండేసి ఆకులతో చిన్న చిన్న మొలకలు కనిపిస్తాయి. అవి మినుములో పెసలో. కోతకి ముందే తడి మడిలో చల్లేస్తారు. దానికి వేరే దుక్కీ ఉండదు, తడీ ఉండదు, ఆ నేలలో మిగిలిన చెమ్మతోనే పంట పండాలి. తొక్కితే ఆ మొక్క మళ్లీ లేవదు. అందుకని మోళ్లు కనిపించిన మడిలోకి మొలకలు ఉన్నాయో లేవో వంగి చూడకుండా దిగొద్దు.

మన దగ్గర కాలిబాటలకి బోర్డులుండవు. అలవాటు కొద్దీ, మాట కొద్దీ నడిచే తోవలు ఇవి. ఎదురుపడ్డ పెద్దాయన్ని మామా అనో, ఒడియా ఊళ్లో అయితే మౌసా అనో పిలిచి అడిగితే ఎవరూ కాదనరు. ‘ఎ బాట కుఆడె జాఏ?’ అంటే ఈ తోవ ఎటు పోతుంది అని. ‘కేతే బాట?’ అంటే ఎంత దూరం. వాళ్లు ‘ఇదిగో, ఇక్కడే’ అన్నారంటే వాళ్ల కాళ్లకి ఇక్కడే అని. కిలోమీటర్లలో అడక్కుండా ‘మీకు ఎంతసేపు పడుతుంది’ అని అడిగి, దాన్ని పిల్లల కోసం రెండింతలు చేసుకోండి.

దూరం, వేళ

అందరిలోకీ చిన్న కాళ్లు ఎవరివో వాళ్ల లెక్కే అందరి లెక్క. నాలుగైదేళ్ల పిల్లలకి 2 నుంచి 3 కిలోమీటర్లు, ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకి 4 నుంచి 6, తొమ్మిది దాటినవాళ్లకి 8 దాకా. ఇవి రానూపోనూ కలిపి. గట్ల మీద, ఇసుకలో పిల్లలతో గంటకి రెండున్నర కిలోమీటర్లకి మించి సాగదు. చదును నేల మీద మూడు. ఎత్తు ఎక్కాల్సి వస్తే ప్రతి 100 మీటర్ల ఎత్తుకి మరో 20 నిమిషాలు కలపండి.

ఎత్తు తెలుసుకోవడానికి సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపు చాలు. వాళ్ల వెబ్‌సైటులో ఉచితంగా దించుకోవచ్చు. దాంట్లో 2 సెంటీమీటర్లు అంటే నేల మీద కిలోమీటరు. గోధుమరంగు గీతలు ఒక్కోటి 20 మీటర్ల ఎత్తు. మీ తోవ అయిదు గీతలు దాటితే 100 మీటర్లు ఎక్కుతున్నట్టు. ఫోను మ్యాపులో పొలం గట్లు దాదాపు ఉండవు, గెడ్డలు ఉన్నా ఎండాయో పారుతున్నాయో తెలియదు. దూరం అడుగులతో కొలవడం పిల్లలకి నేర్పండి. పెద్దవాళ్లకి 100 మీటర్లకి సుమారు 135 అడుగులు, ఆరేళ్ల పిల్లలకి 200 దగ్గర పడతాయి. లెక్కపెట్టుకుంటూ నడిస్తే ‘ఇంకెంత దూరం’ అని అడగడం కూడా తగ్గుతుంది.

మనది దేశంలో తూర్పు వైపు కాబట్టి పొద్దు తొందరగా పోతుంది. డిసెంబరులో 5:20కల్లా సూర్యుడు అస్తమిస్తాడు, కొండ నీడలో అయితే ఇంకో అరగంట ముందే చీకటి పడినట్టుంటుంది. అందుకని బయల్దేరేముందే తిరుగుముఖం వేళ చెప్పుకోండి. 3 గంటలకి బయల్దేరితే 4 గంటలకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. జలపాతం ఇంకో మలుపులో ఉందన్నా సరే, మాట మాటే.

నాలుగు నడకలు

మొదటిసారి వెళ్లేవాళ్లు చెరువు గట్లతో మొదలుపెట్టాలి. పర్లాకిమిడిలోనే రామసాగరం, సీతాసాగరం ఉన్నాయి. చదును, ఏ క్షణాన కావాలన్నా ఇంటికి వచ్చేయొచ్చు, మామ్మల మోకాళ్లకీ పరవాలేదు. పిల్లలు ఎంత దూరం విసుగు లేకుండా నడుస్తారో ఇక్కడ తేల్చుకోండి. ఇక్కడ తేలిన దూరంలో మూడొంతుల్లో రెండొంతులే పొలాల్లో పెట్టుకోండి.

రెండోది మాకు అన్నిటికంటే ఇష్టమైనది: పాతపట్నానికి రైల్లో పోయి నడిచి రావడం. నౌపడా–గుణుపురం లైను మీద పాతపట్నం, పర్లాకిమిడి పక్కపక్క స్టేషన్లు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను ఇది. అప్పట్లో పట్టాల మధ్య వెడల్పు 2 అడుగుల 6 అంగుళాలే. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆ చిన్నరైలు ఆపి, ఆ తర్వాత బ్రాడ్‌గేజి చేశారు. రెండున్నర అడుగులంటే ఎంతో ఒక కర్ర కొలిచి నేలమీద పెట్టి చూపిస్తే పిల్లలకి ఆ రైలు కళ్లకి కడుతుంది. ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, చాలామంది ముందు నడిచి, రైల్లో తిరిగొద్దామనుకుంటారు. రోజుకి నడిచే రైళ్లు కొద్దే. అది తప్పిపోయినా ఆలస్యమైనా అలిసిపోయిన పిల్లలతో ప్లాట్‌ఫారం మీద కూర్చోవాలి. ముందు రైలెక్కండి, తర్వాత నడవండి. ఇంటివైపు నడుస్తుంటే పిల్లలకీ హుషారు. పాతపట్నంలో నీలమణి దుర్గమ్మ గుడిలో దణ్ణం పెట్టుకుని, నీడలో తినేసి బయల్దేరొచ్చు. దగ్గరదారి అని పట్టాల వెంట మాత్రం నడవొద్దు. రైల్వే చట్టం 147వ సెక్షను కింద అది నేరం. పైగా కంకర మీద పిల్లల కాళ్లు మడతపడతాయి, మలుపు దగ్గర ఎదురుగాలి ఉంటే రైలు చప్పుడు చాలా దగ్గరకొచ్చాకే వినిపిస్తుంది.

మూడోది గండాహాతి జలపాతం. అక్కడిదాకా బండిలో పోవాల్సిందే, నడక చివర్లో కొంచెమే. వానలు తగ్గాక, నవంబరు డిసెంబరుల్లో నీళ్లూ బాగుంటాయి, తోవా బాగుంటుంది. పడే నీటి కింద నల్లగా నిగనిగలాడే రాయి మీద కాలు పెట్టనివ్వకండి. అది తడిసిన రాయి కాదు, నాచు పట్టిన రాయి. చూస్తే రెండూ ఒకటే, చేత్తో తాకితే జిగురు తెలుస్తుంది. మడుగులో దిగే ఆలోచన వద్దు.

నాలుగోది మహేంద్రగిరి. 1,501 మీటర్లు. కింది నుంచి ఎక్కడం పిల్లల పని కాదు. పైదాకా బండి దారి ఉంది, పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి మధ్య నడిస్తే చాలు. పెద్ద పెద్ద రాళ్లు పేర్చి కట్టిన భీముడి గుడి ముందు నిలబడితే పిల్లలు నోరు తెరిచి చూస్తారు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి ఊళ్లో కంటే పైన ఎనిమిది డిగ్రీల చలి. ఊళ్లో వెచ్చగా ఉందని స్వెట్టర్లు వదిలేసి వెళ్లేవాళ్లే ఎక్కువ. గాలి కూడా ఉంటుంది. శివరాత్రికి జనసముద్రం, చిన్నపిల్లలతో ఆ రోజు వద్దు.

కొండవార సవర గిరిజనుల ఊళ్ల మీదుగా తోవలున్నాయి. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఈ ఊళ్ల భాష నేర్చుకునే వ్యాకరణం, నిఘంటువు రాశారు. మనం అంత చెయ్యక్కర్లేదు, మర్యాద తెలిస్తే చాలు. ఊరి పక్క చెట్టు కింద నిలువు రాళ్లు గుంపుగా పాతి ఉంటే అవి చనిపోయినవాళ్ల పేరున నిలబెట్టినవి. వాటిమీద కూర్చోవడం, పిల్లల్ని ఎక్కించి ఫోటో తీయడం చెయ్యకూడదు. ఇళ్ల గోడల మీది బొమ్మలు కూడా పూజవే. అడిగాకే ఫోను తీయాలి.

ఏరు, గెడ్డ

ఈ నడకల్లో అసలైన ప్రమాదం నీళ్లే. మహేంద్రతనయ, వంశధార రెండూ కొండల్లో పుట్టినవి. ఇక్కడ చినుకు పడకపోయినా పైన కురిస్తే కిందికి వస్తుంది. నీళ్లు తేటగా ఉన్నవి బురదరంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా వెంటనే ఒడ్డెక్కాలి. సామాన్లు సర్దుకోవడం తర్వాత.

చలికాలంలో గెడ్డ దాటాలంటే లెక్క ఇది: అందరిలోకీ చిన్న బిడ్డ మోకాలి కింద ఉంటే దాటొచ్చు, మించితే వద్దు. చెప్పులు విప్పొద్దు. గాజుపెంకు, ముల్లు కనిపించవు. సంచి ఒక భుజానికే వేసుకోండి, జారితే వదిలేయొచ్చు. కర్రతో ముందు పొడిచి చూసి అడుగెయ్యాలి. ఇసుక తవ్విన ఏటిలో ఇది మరీ ముఖ్యం. పైన పాదం లోతు నీళ్లు, ఒక్క అడుగు ముందు మనిషి లోతు గొయ్యి. గొయ్యి ఉన్నచోట నీళ్లు పచ్చగానో ముదురుగానో నిశ్చలంగా కనిపిస్తాయి, అంచున ఇసుక కాలు పెట్టగానే జారుతుంది. ట్రాక్టరు చాళ్లు ఏటిలోకి దిగిన చోట పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు.

ఉరుము వినపడితే మెరుపుకీ దానికీ మధ్య లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. 30 సెకన్లలోపు వినిపిస్తే పొలంలో ఉండకూడదు. తాటిచెట్టు కిందికి పోవద్దు, పక్కా ఇల్లో బడో చూసుకోవాలి. పెద్ద వానలు పడ్డ వారంలో కొండ వాలుల వైపే పోవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మన గజపతి జిల్లాలోనే కొండచరియలు విరిగి జనం చనిపోయారు. వానకి తలదాచుకోవడానికి కొండ చరియ కిందికో, గుహలోకో చేరకూడదు.

చెట్లు, జంతువులు

జీడితోటలో పిల్లలు పండు కోసుకు తినొచ్చు, గింజ మాత్రం కొరక్కూడదు. పచ్చి గింజ పెంకులో ఒళ్లు పొక్కించే జీడి రసం ఉంటుంది, పెదాలు, వేళ్లు కాలినట్టు పొక్కుతాయి. అంటితే సబ్బుతో బాగా కడగాలి, ఆ చేత్తో కళ్లు నులుమనివ్వొద్దు. చలికాలం చివర కంచెల మీద బంగారురంగు నూగుతో వేలాడే కాయలు దూలగొండి. నూగు పడితే గోకితే లోపలికి దిగుతుంది. ముందు మెడికల్ షాపు ప్లాస్టరు ముక్క అంటించి పీకండి, రెండు మూడుసార్లు. తర్వాత నీళ్లతో కడగండి, బట్టలు మార్చండి.

మార్చి, ఏప్రిల్లో ఇప్పపువ్వు రాలుతుంది, జీడిపళ్లు పండుతాయి. రెంటికీ ఎలుగుబంట్లు వస్తాయి, అదీ తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. అందుకే ఆ నెలల్లో సాయంత్రం కొండవార వద్దన్నది. ఈ ప్రాంతంలో ఏనుగులు తిరుగుతుంటాయి. ‘హాతీ అఛి కి?’, అంటే ఏనుగుందా అని ఊళ్లో అడిగాకే ముందుకి పొండి. తాజా పేడ, విరిగిన అరటిచెట్లు కనిపిస్తే ఆ రోజు నడక అక్కడితో సరి.

సంచిలో

పెద్దవాళ్లకి గంటకి అర లీటరు, మార్చి తర్వాత ముప్పావు. పిల్లలు దాహం అనేదాకా ఆగకుండా 20 నిమిషాలకోసారి నాలుగు గుక్కలు. ఓఆర్‌ఎస్ పొట్లం మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరు సీసాలో మొత్తం పోసేస్తే ఉప్పు ఎక్కువై పిల్లలకి చెరుపు. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి. తినడానికి అటుకులు, బెల్లం, వేరుశనగ ఉండలు, పులిహోర. అరటిపళ్లు కోతులున్న చోట పైకి తీయొద్దు. ఒక గామ్ఛా, అంటే పల్చటి తుండు ఉండాలి: ఎండకి తలకి, చంటిబిడ్డని కట్టుకోవడానికి, కాలు బెణికితే కట్టుకి. కొత్త చెప్పులు, బూట్లు కరుస్తాయి. వారంరోజులు ఇంటి దగ్గర తొడిగాకే తీసుకురండి.

పాము కరిస్తే కట్టు బిగించడం, కొయ్యడం, నోటితో లాగడం ఏవీ చెయ్యొద్దు. పట్టీలు, ఉంగరాలు, మొలతాడు తీసెయ్యండి, వాపు వస్తుంది. కాలికి కర్ర కట్టి కదలకుండా ఉంచి, నడిపించకుండా ఎత్తుకుని బండి దాకా తేవాలి. నేరుగా జిల్లా ఆస్పత్రికి, మధ్యలో నాటుమందువాళ్ల దగ్గర ఆగకుండా. 108 రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. కానీ సరిహద్దులో ఫోను ఏ టవరు పట్టుకుంటే ఆ రాష్ట్రానికి పోవచ్చు. అందుకని ఊరిపేరు కంటే ముందు రాష్ట్రం, జిల్లా, తర్వాత బ్లాకో మండలమో, ఆ తర్వాత ఊరు చెప్పండి.

ఇంటికి వచ్చాక

ముందు స్నానం, బట్టలు వేడినీళ్లలో. పిల్లల చంకలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక, మొలతాడు కింద చూడండి. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టిన చోట నొప్పి లేని నల్లటి పెచ్చు కడుతుంది, బట్ట కింద ఉంటుంది కాబట్టి కనిపించదు. నడిచి వచ్చిన మూడు వారాల్లోపు ఎవరికైనా జ్వరం వస్తే డాక్టరుకి రెండు మాటలు చెప్పాలి: పొదల్లో, గడ్డిలో తిరిగామని, కొండవార తిరిగామని. మొదటి మాటకి ఆ పెచ్చు వెతుకుతారు, రెండో మాటకి మలేరియా రక్తపరీక్ష చేస్తారు. మీరు చెప్పకపోతే మామూలు జ్వరం మాత్ర రాసి పంపే అవకాశముంది.